ఇరవై ఎనిమిది సెకండ్లు

మద్రాసు పోకుండా సినిమా తీయడమేమిటని హనుమకొండ చౌరస్తాలో మమ్మల్ని అడగనివాడు లేడు. ఛాయ్ హోటల్లో అడిగారు, చర్చి మెట్ల మీద అడిగారు. ఉద్యోగం అర్జీకి ఫొటో దిగడానికి వచ్చిన ఒకడు స్టూలు మీద కూర్చుని కాలర్ సర్దుకుంటూ అడిగాడు.

"మద్రాసోళ్లు వచ్చి మన ఊరి మీద సినిమా తీసిండ్రా ఎన్నడన్న? తియ్యలే. గందుకే మేం తీస్తానం. గదుమ జర పైకెత్తు" అన్నాను, వాడి గడ్డం కింద వేలు పెట్టి.

నా పేరు కృపానందం. చౌరస్తా నుంచి పది అడుగులు లోపలికి వస్తే ఎబెనెజరు ఫొటో స్టూడియో, అది నాది. 1979లో ఆ బోర్డు కింద ఇంకో బోర్డు వెలిసింది, "పడుగు పిక్చర్స్" అని. కంపెనీ మొత్తం కలిపి ముగ్గురం. దానియేలు మిషన్ స్కూల్లో లెక్కల సారు. కాజీపేటలో ఫిలిం సొసైటీ వాళ్లు వేసే సినిమాలన్నీ చూసి చూసి, డైరెక్టర్ కాకపోతే బతకలేనని తేల్చుకున్నవాడు. ఎల్లస్వామి కాశిబుగ్గలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. బోర్డులు రాస్తాడు, వేషాలు వేస్తాడు, సైకిల్ మీద సామానంతా మోస్తాడు. కంపెనీకి పేరు పెట్టింది కూడా అతనే. పడుగు లేకుండా ఎక్కడైనా బట్ట ఉందా, బొంబాయి బట్టకైనా ముందు పడుగే కదా అన్నాడు. ఇక మూడోవాణ్ని నేను. నా దగ్గర కెమెరా ఉంది కాబట్టి కెమెరామన్‌ని నేనే అన్నారు. నాకు తెలిసిందల్లా మనిషిని నిలబెట్టి ఫొటో తీయడం. సినిమా కెమెరా వేరు, ఫొటో కెమెరా వేరు అన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

దీనివల్ల దానియేలుకు మొదట పోయింది చర్చి క్వయర్‌లో చోటు. సినిమా చూడటమే పాపమనే సంఘం మాది, ఇక తీసేవాడి సంగతి చెప్పాలా! పెద్దలు పిలిపించి, పాటో సినిమానో ఏదో ఒకటి తేల్చుకో అన్నారు. "తేల్చుకున్న" అని చెప్పి వచ్చేశాడు. చిన్నప్పటి నుంచి ఒక్క ఆదివారం తప్పకుండా పాడిన గొంతు వాడిది. తర్వాత నా డార్క్ రూంలో ప్రింట్లు కడుగుతూ పాడుకునేవాడు. ఆ పెద్దల మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

మా సినిమా కథ చాలా చిన్నది. దొర పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లు ఉంటారు. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా నడుము వంచి ఉంటారు. ఒకరోజు అందరూ ఒక్కసారిగా తలలెత్తి గట్టు మీది దొరను చూస్తారు. అంతే.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే" అన్నాడు దానియేలు. "కూలి మనిషి దొర కండ్లల్ల కండ్లు వెట్టి జూసుడు నువ్వు ఎన్నడన్న జూసినవారా?"

చూడలేదు. అప్పట్లో మా వైపు పల్లెల్లో దొర ఎదురైతే చెప్పులు చేతిలోకి, చూపు నేల మీదికి. నోరు తెరిస్తే ముందు "నీ బాంచెన్" అనాలి, అంటే నీ బానిసను అని. ఆ తర్వాతే ఏ మాటైనా. ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో అప్పటికే గొడవలు మొదలై దొరలు పట్నాలకు చేరుతున్నారు. ఇంకా చేరని దొరలు కూడా ఉన్నారు, మాకు దొరికినాయన వాళ్లలో ఒకడు.

ఆయనది నర్సంపేట దగ్గర ఒక ఊరు. పేరు చెప్పను, ఇందులో వచ్చే మనుషుల పిల్లలు ఇంకా అక్కడే బతుకుతున్నారు. పొలాలు కాక నర్సంపేటలో ఆయనకో రైసుమిల్లు, మిల్లు పక్క జాగాలో డేరా టాకీసు ఉండేవి. మాకు పొలమూ కావాలి, టాకీసూ కావాలి. అందుకని వెళ్లి, వ్యవసాయం మీద సినిమా తీస్తున్నామని చెప్పాం. అబద్ధమేమీ కాదు, నాట్లు వేయడం వ్యవసాయమే కదా.

"కాలం మారింది పంతులూ, మేమూ మారినం" అన్నాడు దొర. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఇద్దరు జీతగాళ్లు గడప అవతల ఎండలో తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. తన పేరు తెర మీద అందరికన్నా ముందు పడాలన్నాడు, సరే అన్నాం. సినిమా పూర్తయ్యాక తన డేరాలో వారం రోజులు ఆడిస్తానన్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టాకీసులో టికెట్టు కొని జనం చూస్తే అది సినిమా. లేకపోతే ముగ్గురు పనిలేనివాళ్లు ఆడుకున్న ఆట. మా కంపెనీ ప్రాణమంతా ఆ వారంలోనే ఉంది.

ఆ ఊరి నాట్ల ముఠాకు పెద్ద మొగిలమ్మ. నలభై మంది ఆడవాళ్లు ఆమె వెంట మడిలోకి దిగుతారు, ఆమె వెంటే గట్టెక్కుతారు. మొదటిరోజు ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని దానియేలును అడిగింది.

"నేనేం జేయాలె సారూ?"

"రోజూ జేసేదే అక్కా. నాటెయ్యాలె."

"గదేనా సినిమా అంటే? అట్లయితే ముప్పయేండ్ల సంది నేను ఈరోయిన్‌నే గదా" అంది. గట్టు మీదున్న వాళ్లంతా పగలబడి నవ్వారు.

చలికాలంలో, యాసంగి నాట్లప్పుడు పన్నెండు రోజులు తీశాం. కెమెరా హైదరాబాద్‌లో ఒక స్నేహితుడు దయతలిచి ఇచ్చింది. కీ ఇచ్చి నడిపే పాత పదహారు ఎంఎం మిషను. నిండా కీ ఇస్తే ఇరవై ఎనిమిది సెకండ్లు తిరిగి ఆగిపోతుంది. ఫిల్ము కూడా ఎవరెవరో వాడుకోగా మిగిలిన ముక్కలే. ఆఖరి సీనుకు వచ్చేసరికి డబ్బాలో ఒకే ఒక్క ముక్క మిగిలింది. సరిగ్గా ఒక్క కీకి సరిపోతుంది. తప్పు జరిగితే మళ్లీ తీసే దారి లేదు.

ఆ సాయంత్రం ఎల్లస్వామి దొర వేషం వేశాడు. తెల్ల ధోతి, తెల్ల అంగీ, చేతిలో కర్ర. గట్టు మీద నిలబడ్డాడు. అతని భుజం పక్కనే కెమెరా పెట్టుకుని నేను నిలబడ్డాను. నడుములు వంచి నాటేస్తున్నవాళ్లు మెల్లగా తలలెత్తి ఎల్లస్వామిని చూడాలి. మూడుసార్లు ఉత్తుత్తిగా చేయించాడు దానియేలు. మూడుసార్లూ ఒక్క తల కూడా లేవలేదు. వాడు ఎల్లస్వామి అని వాళ్లకు తెలుసు, పొద్దున వాళ్లతో కూర్చుని అంబలి తాగినవాడే. అయినా గట్టు మీద తెల్లబట్టలు, కర్ర కనబడితే వాళ్ల చూపు మోకాళ్లు దాటి పైకి రాలేదు.

"ఏమైందక్కా?" అన్నాడు దానియేలు.

మొగిలమ్మకు సిగ్గేసింది. "మనసు లేస్తాంది సారూ. మెడ లేస్తలేదు" అంది.

పొద్దు వాలిపోతోంది. ఇంక ఆగితే వెలుతురు ఉండదు. దానియేలు "కానీ" అన్నాడు. నేను కెమెరా వదిలాను. ఒక సెకండు, రెండు, ఐదు. నలభై నడుములు వంగే ఉన్నాయి. చేతిలో కెమెరా గర్రుమంటూ తిరుగుతోంది, ఉన్న ఒక్క ముక్కా ఖర్చయిపోతోంది. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా స్టూడియోలో రోజుకు పదిసార్లు అనే మాట, నన్ను అడక్కుండానే నోట్లోంచి వచ్చేసింది. ఎడమ చేయి కూడా దానంతటదే లేచింది.

"గీ దిక్కు చూడుండ్రి! గదుమలు పైకెత్తాలె! రెప్ప గొట్టద్దు!"

నలభై తలలు ఒక్కసారి లేచాయి. దొరను ఎలా చూడాలో వాళ్లకు తెలియదు గానీ, ఫొటో ఎలా దిగాలో ప్రతి మనిషికీ తెలుసు. జాతరలో దిగి ఉంటారు, పెళ్లిలో దిగి ఉంటారు. నారు కట్టలు చేతుల్లో పట్టుకుని, బురద మొహాలతో, నిటారుగా నిలబడి నేరుగా లెన్సులోకి చూశారు. ఊపిరి కూడా బిగబట్టారు. ఒక్క రెప్ప కదల్లేదు. అలా చూస్తుండగానే కీ అయిపోయి కెమెరా ఆగింది.

దానియేలు నెత్తి పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. "సత్తెనాశ్ జేసినవ్ గదరా! కెమెరా దిక్కు జూస్తే సినిమా అయితదారా? గ్రూప్ ఫొటో అయితది!"

"లేవని తలకాయలు లేపిన. నువ్వు లేపినవా?" అన్నాను నేను. తప్పు నాదేనని తెలుసు, అందుకే ఇంకా గట్టిగా అన్నాను. నలభై రోజులు వాడు నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే ఎల్లస్వామికి చెప్పేవాడు, నేను పక్కనే నిలబడి ఉన్నా సరే.

హైదరాబాద్‌లో సినిమా అతికించిన ఎడిటర్ ఆ ముక్క చూసి చెత్తబుట్ట చూపించాడు. మనుషులు కెమెరాను చూడకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠమట. ఆ ముక్క తీసేస్తే సినిమాకు చివర లేదు, మళ్లీ తీద్దామంటే ఫిల్ము లేదు. కాబట్టి ఉంచేశాం. ఇప్పుడు దాన్ని ధైర్యమని చెప్పుకోవచ్చు గానీ, అప్పుడు గతిలేకే ఉంచాం.

వానాకాలం నాట్లకు నాలుగు రోజుల ముందు దొర కబురు పంపాడు. టాకీసులో వేసే ముందు తాను చూడాలన్నాడు. రెండు రోజులకు, మధ్యాహ్నం పూట రైసుమిల్లు గోదాములో కిటికీలకు గోనె సంచులు కొట్టి చీకటి చేశారు. డేరా టాకీసు నుంచి మిషను తెచ్చి పెట్టారు, ఎదురుగా తెల్లబట్ట కట్టారు. బట్ట ముందు పేము కుర్చీలో దొర కూర్చున్నాడు. మొగిలమ్మ ముఠాను కూడా ట్రాక్టర్‌లో రప్పించాడు. "మనోళ్ల బొమ్మలు మనోళ్లు జూడాలె గద" అన్నాడు మంచి హుషారుగా. వాళ్లు వెనకాల నేల మీద కూర్చున్నారు. వాళ్ల వెనక మిషను దగ్గర నేను, నా పక్కన దానియేలు, ఎల్లస్వామి.

తన పేరు తెర మీద పడగానే దొర కాలు మీద కాలు వేసుకున్నాడు. తన మోటారు నీళ్లు, తన పొలాలు చూసి తల ఊపాడు. మడిలో తనను తాను చూసుకున్నప్పుడల్లా ఒక్కో ఆడమనిషి కిసుక్కున నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతా బాగానే సాగుతోంది. అప్పుడు ఆఖరి ముక్క వచ్చింది.

నలభై నడుములు వంగి ఉన్నాయి. నలభై తలలు లేచాయి. బట్ట నిండా వాళ్ల మొహాలే. వాళ్ల చూపు వచ్చి పేము కుర్చీ మీద పడింది. ఆ గదిలో అందరికన్నా ముందున్నది దొరే మరి. ఆయన కుర్చీలో అటు జరిగాడు, చూపు అటే వచ్చింది. ఇటు జరిగాడు, ఇటే వచ్చింది. స్టూడియో గోడ మీది ఫొటోల్లో రోజూ చూసేదే, అయినా నేను చేసిన పని ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే.

"ఆపు!" అని అరిచాడు దొర.

ఇంకా రెండు మూడు సెకండ్లు ఉండగానే మిషను ఆపాను. ఎవరో దీపం వేశారు. దొర మెల్లగానే చెప్పాడు.

"ఆ ఆఖరి ముక్క తీసెయ్యి పంతులూ. ఇక్కడనే, నా ముందట్నే కత్తిరియ్యి. రేపటి సంది వారం రోజులు టాకీసు మీది. తియ్యకపోతివా, నీకు టాకీసు లేదు." వెనక్కి తిరక్కుండానే గొంతు పెంచాడు. "మొగిలమ్మా! గట్ల జూడుమని ఈళ్లే నేర్పిండ్రని జెప్పు. నీ తప్పు లేదని నేనూ అనుకుంట. జెప్పకపోతే ఎల్లుండి నాట్లకు నీ ముఠా నాకక్కెరలేదు."

మొగిలమ్మ లేచి నిలబడింది. తల వంచుకునే ఉంది. ఆమె వెనక నలభై ఇళ్ల తిండి ఉంది. నేర్పింది నేనేనని ఆమె చెబితే అది నిజమే అవుతుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెప్పమనే నేను మనసులో అనుకున్నాను. అనుకుని ఊరుకోలేక ముందుకు వచ్చాను.

"నేనే జెప్పిన దొరా. తప్పు నాదే" అన్నాను.

"ఫొటో సారు చూడుమన్న మాట నిజమే" అంది మొగిలమ్మ, నేల చూపులతోనే. "ఒక్క మాటన్నడు, ఊకున్నడు. జూసింది మేమే గద. మా కండ్లు మాయే గద." నా వైపు తిరిగింది. "సారూ, గా ముక్క ఇంకోపారి ఎయ్యుండ్రి. నన్ను నేను సక్కగ జూసుకోలే."

నేను దానియేలును చూశాను. వాడి చేతిలో అప్పటికే కత్తెర ఉంది. ఎప్పుడు తీశాడో తెలియదు. పాట పోగొట్టుకున్నవాడు, స్కూల్లో తోటి సార్ల ఎగతాళి పడ్డవాడు, ఆ వారం రోజుల కోసం ఏడాదిగా నిద్రలేనివాడు. ఆ ముక్కను మొదటి నుంచీ అసహ్యించుకున్నదీ వాడే. వాడు కత్తిరిస్తే నేను ఏమీ అనేవాణ్ని కాదు. వాడు మొగిలమ్మను చూశాడు, కత్తెరను చూశాడు, దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఎయ్యిరా కృపా" అన్నాడు. మాటలు కలిసినా, ఆరు నెలల్లో వాడు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

ఇక్కడ ఒక సంగతి చెప్పేస్తాను. మాకు టాకీసు రాలేదు. ఆ వారమే కాదు, నర్సంపేటలో ఎన్నడూ రాలేదు. మొగిలమ్మ ముఠా ఆ వానాకాలం రోజూ ఆరు మైళ్లు నడిచి వేరే ఊరి పొలాల్లో నాటేసింది. పడుగు పిక్చర్స్ ఆ తర్వాత ఇంకో రెండు సినిమాలు తీసింది, వాటికీ టాకీసు దొరకలేదు. బడుల్లో, మగ్గాల షెడ్లలో వేసుకున్నాం. మేం గెలిచామని ఎవరూ అనుకోకూడదని ముందే చెబుతున్నాను. పోయినవాటికి నేను ఏడవను. ఎందుకు ఏడవనో చెప్పాలంటే ఆ గోదాములో జరిగింది చెప్పాలి.

దీపం ఆర్పమని ఎల్లస్వామికి సైగ చేశాను. మొగిలమ్మ తన జాగాలో కూర్చుంది. మిషనుకు వెనక్కి తిప్పే మీట ఉంటుంది. బల్బు వేసే ఉంచి ఆ మీట నొక్కాను. బట్ట మీద సినిమా వెనక్కి నడిచింది. లెన్సులోకి చూస్తున్న నలభై తలలు మెల్లగా దిగి, బురదలోకి వంగిపోయాయి.

"ఆ... గిట్లుండాలె" అన్నాడు దొర. నేను దారికి వచ్చాననుకున్నాడు పాపం.

మీట ముందుకు వేశాను. తలలు మళ్లీ లేచాయి.

వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు. దొర కుర్చీ తన్నేసి లేచాడు. "ఆపుమంటాన్నా లేదా!" అంటూ చేతులు చాపి మిషను వెలుగుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. తెల్లటి ఇస్త్రీ అంగీ మీద మొహాలు పడ్డాయి. కడుపు మీద ఒకామె, భుజాల మీద ఇద్దరు, సరిగ్గా రొమ్ము మీద మొగిలమ్మ. ఆయన కిందికి చూసుకున్నాడు. పురుగు పాకినట్టు అరచేత్తో దులుపుకున్నాడు. మొగిలమ్మ పోలేదు, చేతి మీదికి వచ్చింది.

మిషను ఆపమని నా చేతికి నేను చెప్పలేదు. గోదాములో దాని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భయం వేసింది, చాలా భయం వేసింది. బయట దొర మనుషులు ఉన్నారు, మేం ముగ్గురమే. అప్పుడు నేల మీద కూర్చున్నవాళ్లలోంచి ఒక గొంతు వచ్చింది. ఆ గొంతులో కోపం లేదు. బజారులో అడ్డం నిలబడ్డ మనిషితో మాట్లాడినట్టు ఉంది.

"దొరా, జర పక్కకు జరుగు. మాకు అవుపడ్తలేదు."

బాంచెన్ లేదు, ఏమీ లేదు. దొర చటుక్కున తల ఎత్తి ఆ గొంతు వైపు చూశాడు. అన్నది మొగిలమ్మ, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుని ఉంది. ఆమె పక్కనున్నామె కూడా తల ఎత్తింది, ఆ పక్కామె కూడా. వాళ్ల కళ్లలో మిషను వెలుగు మెరుస్తోంది. వాళ్లకు బొమ్మ కనబడాలి, దానికి ఆయన అడ్డంగా ఉన్నాడు, అంతే.

దొర జరిగాడు.